దక్షిణ తెలంగాణలో మేము చూసిన మూడు నర్సింగ్ కళాశాలలు: ఒక నర్సింగ్ ఆఫీసర్ సమీక్ష

మా ఆడపడుచు కూతురు ఈ ఏడాది దేవరకొండలో ఇంటర్ బైపీసీ పూర్తిచేసి, ఎప్‌సెట్ రాసి, బీఎస్సీ నర్సింగ్‌లో చేరతానని చెప్పింది. మా రెండు కుటుంబాల్లో నర్సింగ్ చదివినదాన్ని నేనొక్కదాన్నే కావడంతో, కౌన్సెలింగ్‌లో ఏ కళాశాలకు ముందు ఆప్షన్ పెట్టాలో తేల్చే బాధ్యత నా మీద పెట్టారు. ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లి చూసిన మూడు కళాశాలల గురించి ఇక్కడ రాస్తున్నాను. ఒకటి నల్గొండ వైపు అద్దె భవనంలో నడుస్తున్న చిన్న ప్రైవేటు కళాశాల, రెండోది మహబూబ్‌నగర్ వైపు సొంత ఆసుపత్రి ఉన్న పెద్ద ప్రైవేటు కళాశాల, మూడోది ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో శిక్షణ ఇచ్చే సర్కారు కళాశాల. వాటి పేర్లు రాయడం లేదు. ప్రిన్సిపాల్ మారినా, ఇద్దరు ముగ్గురు సీనియర్ అధ్యాపకులు మానేసినా నర్సింగ్ కళాశాల తీరు ఏడాది తిరగకుండానే మారిపోతుంది కాబట్టి, నేను ఈ రోజు పేరు పెట్టి మెచ్చుకున్నది వచ్చే ఏడాది చదివేవారికి తప్పుదారి కావచ్చు. నేను ఏమేం చూశానో, ఎందుకు చూశానో చెబితే ఎక్కడైనా పనికొస్తుంది.

బయలుదేరే ముందు ఇంట్లో కూర్చునే తేల్చుకోగలిగిన సంగతి ఒకటి ఉంది. భారత నర్సింగ్ మండలి, అంటే అందరూ ఐఎన్‌సీ అని పిలిచే సంస్థ, తన వెబ్‌సైట్‌లో రాష్ట్రాలవారీగా కళాశాలల జాబితాను, ఒక్కొక్క కోర్సుకు అనుమతించిన సీట్ల సంఖ్యతో సహా ఏటా ఉంచుతుంది. మన రాష్ట్రంలో బీఎస్సీ నర్సింగ్‌కు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం అనుబంధం కూడా ఉండాలి. కన్వీనర్ కోటా సీట్ల కౌన్సెలింగ్ నడిపేది కూడా ఆ విశ్వవిద్యాలయమే. కళాశాల పేరు రెండు చోట్లా కనిపించాలి, కనిపించిన సీట్ల సంఖ్య వాళ్లు చేర్చుకుంటున్న విద్యార్థుల సంఖ్యతో సరిపోవాలి. మూడింటి పేర్లూ జాబితాల్లో ఉన్నాయి గనుకనే చూడటానికి వెళ్లాము. లేకపోతే బస్సు ఎక్కే పనే లేదు.

నల్గొండ వైపు కళాశాల గురించి చెప్పవలసింది తక్కువ. కింద బట్టల దుకాణం, పైన రెండు అంతస్తుల్లో తరగతి గదులు ఉన్నాయి. ఆఫీసులో కూర్చున్న వ్యక్తి మేము కుర్చీల్లో కూర్చోకముందే బీఎస్సీ సీట్లు దాదాపు నిండిపోయాయని, జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమాలో చేరినా ఒకటేనని, ఉద్యోగానికి తేడా ఏమీ ఉండదని చెప్పాడు. ఆ మాటలో సగం నిజం ఉంది, కాబట్టే అది ప్రమాదం. మన రాష్ట్రంలో వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు స్టాఫ్ నర్సు పోస్టులకు, ఇప్పుడు నర్సింగ్ ఆఫీసర్ అంటున్న పోస్టులకు, జీఎన్ఎం చదివినవారినీ బీఎస్సీ చదివినవారినీ సమానంగానే రాయనిస్తున్నది. కానీ ఎయిమ్స్ సంస్థల్లో ఉద్యోగాలకు నిర్వహించే నార్సెట్ పరీక్షకు బీఎస్సీ నర్సింగ్ చేసి రిజిస్ట్రేషన్ పొందినవారు నేరుగా కూర్చోవచ్చు; జీఎన్ఎం వారికి మాత్రం కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నాలుగేళ్లు. పైగా జీఎన్ఎం చదివిన అమ్మాయి తర్వాత ఎమ్మెస్సీ చేయాలనుకుంటే ముందుగా రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదవాలి. ఇంటర్‌లో బైపీసీ లేనివారికి, త్వరగా సంపాదన మొదలుకావలసినవారికి జీఎన్ఎం మంచి దారే. బైపీసీ చదివి, ర్యాంకు ఉన్న పిల్లకు ఈ తేడా చెప్పకుండా, సీటు నింపుకోవడానికి రెండూ ఒకటేననడం ఆ కళాశాల మీద నాకు మొదటి నిమిషంలోనే నమ్మకం పోగొట్టింది. శిక్షణకు ఏ ఆసుపత్రికి పంపుతారని అడిగితే రెండు మూడు పేర్లు చెప్పారు గానీ, ఒప్పంద పత్రం చూపించలేదు. అక్కడితో లేచాము.

మహబూబ్‌నగర్ వైపు కళాశాలను చూస్తే ఎవరికైనా ముందుగా నచ్చుతుంది. విశాలమైన ఆవరణ, వరుసగా నాటిన చెట్లు, ఒక పక్క కళాశాల, మరో పక్క ఆసుపత్రి, మధ్యలో హాస్టల్. "అత్తమ్మా, బిల్డింగ్ మంచిగున్నది గదా, ఇదే పెట్టుకుందాం," అని మా పిల్ల గేటు దగ్గరే నిర్ణయించుకుంది. వైస్ ప్రిన్సిపాల్ మేడమ్ ఎంతో మర్యాదగా దగ్గరుండి ప్రయోగశాలలన్నీ చూపించారు. ఐఎన్‌సీ నిబంధనల ప్రకారం ఫౌండేషన్ (అంటే నర్సింగ్ ప్రాథమిక పనులు), పోషకాహారం, ప్రసూతి మరియు శిశు సంరక్షణ, సామాజిక ఆరోగ్యం, కంప్యూటర్ వంటి ప్రయోగశాలలు ఉండాలి. అన్నీ ఉన్నాయి, అద్దంలా తుడిచి ఉన్నాయి. నాకు ఆ శుభ్రతే అనుమానం కలిగించింది.

ఫౌండేషన్ ల్యాబులో ఐవీ క్యాన్యులా, అంటే సెలైన్ ఎక్కించే సన్నటి గొట్టం, వేయడం నేర్చుకునే రబ్బరు చేయి ఒకటి అద్దాల బీరువాలో ఉంది. అడిగి బయటకు తీయించి, మోచేతి మడత దగ్గర, మణికట్టు వెనుక వేలితో తడిమి చూశాను. నరం ఉండే చోట రబ్బరు నున్నగా ఉంది, ఒక్క సూది గుచ్చిన జాడ లేదు. బ్యాచ్ మొత్తం సాధన చేసే చేయి అయితే ఆ చోట జల్లెడలా చిల్లులు పడి, లోపల పోసిన ఎర్రరంగు నీళ్లు కారి, ప్లాస్టర్ అంటించి ఉంటుంది. బీరువా తాళం ఎక్కడుంటుందని అడిగితే ఆఫీసులో ఉంటుందన్నారు. మూత్రం తీసే గొట్టమైన క్యాథెటర్ వేయడం నేర్పే బొమ్మకు ప్లాస్టిక్ తొడుగు ఇంకా తీయలేదు. ఈ వస్తువులు కొనడానికి డబ్బు ఖర్చుపెట్టిన యాజమాన్యం వాటిని పాడుచేయడానికి పిల్లలకు అనుమతి ఇవ్వడం లేదని దీని అర్థం. నర్సింగ్ కళాశాలలో పాడైన బొమ్మలున్న ల్యాబుకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

అసలు విషయం ఆసుపత్రి దగ్గర తేలింది. బీఎస్సీ నర్సింగ్ నడిపే సంస్థకు కనీసం 100 పడకల పేరెంట్ ఆసుపత్రి, అంటే సొంత ఆసుపత్రి, ఉండాలని, శిక్షణలో ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగుల లెక్కన ఉండాలని, పదిమంది విద్యార్థులకు ఒక అధ్యాపకులు ఉండాలని ఐఎన్‌సీ ప్రమాణాలు చెబుతాయి. పడకల సంఖ్య బోర్డు మీద రాసుకోవచ్చు, రోగుల సంఖ్యను వార్డుకు వెళ్లి చూడాలి. కింది అంతస్తులో ఓపీ, క్యాజువాలిటీ, డయాలసిస్ సందడిగానే ఉన్నాయి. పై అంతస్తులో జనరల్ మెడిసిన్, సర్జరీ వార్డుల్లో మాత్రం పరుపుల మీద దుప్పటి మడత విప్పలేదు, మంచాల కాళ్ల వైపు వేలాడే, జ్వరం, నాడి, శ్వాస లెక్క రాసే టీపీఆర్ చార్టుల్లో ఉష్ణోగ్రత గీతే లేదు. వారం మధ్యలో, పదకొండు గంటల వేళ, వార్డు నిండుగా ఉండవలసిన సమయంలో అలా ఉంటే, మిగిలిన సమయాల్లో ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ప్రసూతి విభాగంలో ఇద్దరు బాలింతలు ఉన్నారు. అక్కడ డ్యూటీలో ఉన్న సిస్టరమ్మను మెల్లగా పలకరిస్తే, ప్రసవాలు ఎక్కువగా సర్కారు దవాఖానకే వెళ్తున్నాయని, తమ విద్యార్థులను లేబర్ రూమ్ పోస్టింగ్‌కు కూడా బస్సులో అక్కడికే పంపుతారని చెప్పింది.

ఈ ఒక్క మాట కోసం అంత దూరం వెళ్లడం సార్థకమనిపించింది. సొంత ఆసుపత్రి ఉందని చెప్పి అధిక ఫీజు తీసుకునే కళాశాల కూడా, నిజంగా చేయి తిరగవలసిన పనులకు, జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రినే ఆశ్రయిస్తున్నది. అదే ఆసుపత్రికి సర్కారు కళాశాల పిల్లలు వస్తారు, మరికొన్ని ప్రైవేటు కళాశాలల పిల్లలు వస్తారు. ఒక్క ప్రసవం జరుగుతుంటే టేబుల్ చుట్టూ మూడు రంగుల యూనిఫారాలు నిలబడతాయి. ముందు వరుసలో ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న కళాశాల విద్యార్థులు, వెనుక వరుసలో బస్సు దిగి వచ్చినవారు ఉంటారు. నేను ఉద్యోగం చేసే చోట ఈ దృశ్యం రోజూ చూస్తాను. వెనుక నిలబడిన పిల్లలు బిడ్డ తలను కూడా చూడరు, సాయంత్రం లాగ్‌బుక్‌లో మాత్రం ప్రసవం చూసినట్టు రాసుకుంటారు. అందువల్ల కళాశాలను అడగవలసిన ప్రశ్న మీకు ఆసుపత్రి ఉందా అన్నది కాదు. మీ విద్యార్థులు వెళ్లే ఆసుపత్రిలో ఇంకా ఎన్ని కళాశాలలకు అనుమతి ఉంది, అక్కడ మీ ట్యూటర్ విద్యార్థులతో వార్డులో ఉంటారా, బస్సు దగ్గర వదిలి వెళ్లిపోతారా అన్నవి.

లాగ్‌బుక్ చూపించమని మేడమ్‌ను అడిగితే ఆమె కొంచెం ఇబ్బంది పడ్డారు గానీ, మూడో ఏడాది విద్యార్థినిది ఒకటి తెప్పించారు. కేస్ స్టడీలు అందమైన చేతిరాతతో, రంగుల పెన్నులతో గీసిన పటాలతో ఉన్నాయి. పనుల పట్టికలో మాత్రం ఇంజెక్షన్లు, డ్రెస్సింగ్‌లు, ముక్కు గుండా పొట్టలోకి రైల్స్ ట్యూబ్ వేయడం, క్యాథెటర్ సంరక్షణ, అన్నింటికీ ఒకే తేదీన, ఒకే సిరాతో, ఒకరే సంతకం చేశారు. ఇలాంటి పుస్తకం తనిఖీకి సరిపోతుంది. మొదటి రోజు ఐసీయూలో డ్యూటీ వేసినప్పుడు సరిపోదు. ఆ విద్యార్థిని తెలివైనదే, నేను అడిగిన మందుల మోతాదు లెక్కకు టక్కున సరైన జవాబు చెప్పింది. చేతితో చేసే అవకాశం మాత్రం ఆమెకు దక్కలేదు.

అధ్యాపకుల విషయంలో ఈ కళాశాలను తప్పుపట్టలేను. మెడికల్ సర్జికల్, ప్రసూతి, శిశు, మానసిక, సామాజిక ఆరోగ్య విభాగాలు అయిదింటికీ ఎమ్మెస్సీ చేసినవారు ఉన్నారు, మేము వెళ్లిన సమయంలో తరగతులు నిజంగా జరుగుతున్నాయి. గ్రంథాలయం బాగుంది. మానసిక నర్సింగ్ పోస్టింగ్‌కు బ్యాచ్‌ను ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి పంపుతామని, అక్కడ ఉండటానికి వసతి ముందుగానే మాట్లాడి పెట్టామని స్పష్టంగా చెప్పారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మన జిల్లాల పిల్లలు ఎర్రగడ్డకు, నీలోఫర్ పిల్లల ఆసుపత్రికి పోస్టింగ్‌కు వెళ్లినప్పుడు వసతి లేక పడే ఇబ్బంది తల్లిదండ్రులకు తెలియదు. హాస్టల్ భోజనం, కాపలా కూడా సంతృప్తికరంగానే ఉన్నాయి.

ఫీజు దగ్గర మళ్లీ మాట దాటవేశారు. ట్యూషన్ ఫీజు ఒక్కటే కాగితం మీద ఉంది. యూనిఫాం, పుస్తకాలు, పరీక్ష ఫీజు, పోస్టింగ్ బస్సు ఖర్చు, ఎర్రగడ్డ వసతి ఖర్చు అడిగితే "అవి అప్పటికప్పుడు చెప్తాం" అన్నారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద రావలసిన డబ్బు ప్రభుత్వం నుంచి ఆలస్యమైతే ఏం చేస్తారని అడిగాను. చదువు పూర్తయ్యే నాటికి బకాయి ఉంటే విద్యార్థి కట్టి, డబ్బు వచ్చాక తిరిగి తీసుకోవాలని, అప్పటివరకు సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంటాయని చెప్పారు. మన రాష్ట్రంలో ఈ బకాయిల కథ తెలిసిందే కాబట్టి కళాశాల బాధను నేను కాదనను. కానీ ఒరిజినల్ సర్టిఫికెట్లు లేకుండా రాష్ట్ర నర్సింగ్ మండలిలో రిజిస్ట్రేషన్ కాదు, రిజిస్ట్రేషన్ లేకుండా ఏ ఉద్యోగ దరఖాస్తూ నడవదు. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో తెలియని ఈ వృత్తిలో కాగితాలు ఒకరి బీరువాలో చిక్కుకుంటే ఒక నియామకం మొత్తం చేజారిపోవచ్చు. చేరేముందే ఈ షరతును రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. ఇవ్వనంటే ఆ జవాబును కూడా లెక్కలోకి తీసుకోండి.

ఇక సర్కారు కళాశాల. గేటు దగ్గర ఎవరూ స్వాగతం చెప్పలేదు. ఆఫీసులో గుమాస్తా తలెత్తకుండానే "కౌన్సెలింగ్‌లో వస్తే వస్తది, ఇక్కడ మేమేం సీటియ్యం" అన్నాడు. భవనం మీద రంగు వెలిసిపోయింది, తరగతి గదిలో ఫ్యాన్లు అన్నీ తిరగవు. మా పిల్ల ముఖం మాడిపోయింది. నేను ఆమెను నేరుగా ల్యాబులోకి తీసుకువెళ్లి రబ్బరు చేయి చూపించాను. మోచేతి మడత దగ్గర రబ్బరు చిరిగి, ల్యూకోప్లాస్ట్ మీద ల్యూకోప్లాస్ట్ అంటించి, దాని మీద కూడా కొత్త చిల్లులు పడి ఉన్నాయి. ఇద్దరు మొదటి ఏడాది అమ్మాయిలు దాని ముందు కూర్చుని, ఒకరు టోర్నికెట్ కడుతుంటే మరొకరు సూది కోణం సరిచూసుకుంటున్నారు, పక్కన ట్యూటర్ లేరు, ఎవరూ చెప్పకుండానే సాధన చేస్తున్నారు.

ఆసుపత్రిలో వార్డులు కిక్కిరిసి ఉన్నాయి. ఒక్కో మంచానికి ఒక రోగి, కింద చాప మీద ఆ రోగి బంధువు. మాతా శిశు విభాగంలో రాత్రి జరిగిన ప్రసవాల పట్టిక గోడకు అంటించి ఉంది. జనరల్ వార్డులో మూడో ఏడాది విద్యార్థిని ఒక వృద్ధుడికి నెబ్యులైజర్ పెట్టి, ఊపిరి లెక్కపెడుతూ, నా ప్రశ్నలకు రోగి మీద నుంచి చూపు తిప్పకుండానే జవాబు చెప్పింది. క్యాథెటర్లు ఎన్ని వేశావని అడిగితే, లెక్కపెట్టడం ఎప్పుడో మానేశానని నవ్వింది. 2021లో మార్చిన బీఎస్సీ పాఠ్యప్రణాళిక ప్రకారం చదువు ఎనిమిది సెమిస్టర్లు, చివరిది ఇంటర్న్‌షిప్; క్లినికల్ హాజరు నూరు శాతం ఉండాలి. ఆ నూరు శాతం గంటలు రోగుల మధ్య గడుస్తాయా, ఖాళీ మంచాల మధ్య గడుస్తాయా అన్నదే రెండు కళాశాలల మధ్య తేడా.

అయితే ఈ కళాశాలలో లోపాలను దాచిపెట్టడం న్యాయం కాదు. అధ్యాపకులు చాలరు, చేసిన పని సరిగ్గా చేశారో లేదో పక్కనుండి చెప్పేవారు లేక, వార్డు సిస్టర్ల దగ్గర చూసి నేర్చుకునేది ఎక్కువ, ఆ సిస్టర్లకు వాళ్ల పనే తెమలదు. అలా నేర్చుకున్న చేతికి వేగం వస్తుంది, ఎందుకు అలా చేయాలో అన్నది కొన్నిసార్లు రాదు. సిబ్బంది తక్కువైన రోజున విద్యార్థులను రక్తం శాంపిళ్లు ల్యాబుకు మోయడానికి, స్ట్రెచర్ తోయడానికి వాడుకుంటారు. దీన్ని వార్డులో పనిచేసే నేనే ఒప్పుకోవాలి, మేమూ వాడుకుంటాము. హాస్టల్ గదులు చాలక కొందరు అమ్మాయిలు ఊళ్ల నుంచి రోజూ వచ్చిపోతున్నారు. మహాలక్ష్మి పథకం కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్ లేదు కాబట్టి ఖర్చు సమస్య కాదు గానీ, రాత్రి డ్యూటీ ఉన్నప్పుడు బస్సు దొరకదు. ఆ రాత్రులు ఎక్కడ ఉండాలో చేరకముందే ఆలోచించుకోవాలి.

రెండు కళాశాలల్లోనూ నేను అడిగిన మరో ప్రశ్న సామాజిక ఆరోగ్య పోస్టింగ్ గురించి. ప్రైవేటు కళాశాల వారు దగ్గరలోని ఒక గ్రామానికి బస్సులో తీసుకువెళ్లి సర్వే ఫారాలు నింపించి సాయంత్రానికి తీసుకువస్తారు. సర్కారు కళాశాల పిల్లలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, సబ్ సెంటర్‌లో ఏఎన్ఎంతో పాటు ఇల్లిల్లూ తిరుగుతారు. మన ప్రాంతంలో ఈ పోస్టింగ్‌కు ఉన్నంత విలువ మరెక్కడా ఉండదేమో. మర్రిగూడ వైపు ఫ్లోరోసిస్‌తో నడుము వంగిన పెద్దవాళ్లను, నల్లమలలో మన్ననూరు దాటాక చెంచు పెంటల్లో, అంటే చెంచుల గూడేల్లో, రక్తహీనతతో ఉన్న గర్భిణులను, వలస వెళ్లి వచ్చిన పాలమూరు కూలీల కుటుంబాల్లో టీకాలు తప్పిపోయిన పిల్లలను చూసిన విద్యార్థికి పాఠ్యపుస్తకంలోని అధ్యాయం వేరేగా అర్థమవుతుంది. బస్సు దిగకుండా ఫారం నింపే విద్యార్థికి ఈ అవకాశం ఇంటి పక్కనే ఉండి కూడా అందదు.

ఈ మధ్యలో మా ఆడపడుచు ఇంటికి బెంగళూరు కళాశాలల ఏజెంట్ ఒకరు కూడా వచ్చి వెళ్లాడు. ఎప్‌సెట్ ర్యాంకుతో పనిలేదు, ఇప్పుడే కొంత కట్టి సీటు ఖాయం చేసుకోండన్నాడు. బెంగళూరులో మంచి కళాశాలలు లేవని నేను అనను. కానీ అక్కడ చదివితే ముందు కర్ణాటక నర్సింగ్ మండలిలో రిజిస్టర్ అయి, తర్వాత తెలంగాణకు మార్చుకోవాలి. కళాశాల ఐఎన్‌సీ జాబితాలో లేకపోతే ఆ మార్పు దగ్గరే చిక్కు వస్తుంది. కళాశాల పేరు చెప్పకుండా నగరం పేరు చెప్పి డబ్బు అడిగేవారితో మాట్లాడటానికి సమయం కేటాయించవలసిన పని లేదు.

చివరికి మేము పెట్టిన ఆప్షన్ల వరుస ఇది. మొదట ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని ప్రభుత్వ కళాశాలలు, ఆ తర్వాత హైదరాబాద్‌లోని ప్రభుత్వ కళాశాలలు, వాటి తర్వాత మహబూబ్‌నగర్ వైపు చూసిన ప్రైవేటు కళాశాల, అదీ కన్వీనర్ కోటాలో అయితేనే. దాన్ని పూర్తిగా తీసేయకపోవడానికి కారణం అక్కడి అధ్యాపకులు. చదువు చెప్పేవారు ఉన్నచోట చేతిపని కొరతను సెలవుల్లో, ఇంటర్న్‌షిప్‌లో కొంతైనా పూడ్చుకోవచ్చు, అందుకు నాకు తెలిసిన వార్డులో అనుమతి అడుగుతాను. మేనేజ్‌మెంట్ కోటాలో ఆ ఫీజు పెట్టడానికి మాత్రం ఖాళీ మంచాలున్న ఆ ఆసుపత్రి తగదు. నల్గొండ వైపు అద్దె భవనం కళాశాలను వరుసలో చేర్చలేదు. మార్కులు వేయమంటే సర్కారు కళాశాలకు అయిదుకు నాలుగు, ట్యూటర్ల ఖాళీలు నిండితే నాలుగున్నర. మహబూబ్‌నగర్ వైపు కళాశాలకు రెండున్నర. నల్గొండ వైపు కళాశాలకు ఒకటి, అది కూడా ఐఎన్‌సీ జాబితాలో పేరు ఉన్నందుకు.